నిలబడ్డ బండికి ఆయిల్ లెక్క: నల్లగొండ, పాలమూరుల్లో పాత కార్ల ఇంజిన్ సంరక్షణ

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇంకా మిగిలి ఉన్న పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, పెట్రోల్ జీపులు ఇప్పుడు రోడ్డు మీద కన్నా షెడ్డులోనే ఎక్కువ కాలం ఉంటున్నాయి. తాత కొన్న బండి అనో, వేలంలో దొరికిన సర్కారు జీపు అనో వాటిని అమ్ముకోకుండా దాచుకున్నవాళ్లకు ప్రేమకు కొదవ లేదు. రంగు వేయిస్తారు, సీట్లు కుట్టిస్తారు, బంపర్లకు మెరుగు పెట్టిస్తారు. ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు అలవాట్లు పాతుకుపోయాయి. వారానికోసారి షెడ్డులోనే స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఉంచి ఆపేయడం ఒకటి. బండి తిరగలేదు కాబట్టి ఆయిల్ మార్చే పని లేదనుకోవడం రెండోది. మంచి ఉద్దేశంతోనే చేసినా, ఈ రెండూ కలిసి చాలా పాత ఇంజిన్లను లోపలి నుంచి తినేస్తున్నాయి.

కారణం పెట్రోల్‌లోనే ఉంది. ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో ఎక్కువ భాగం ఆవిరిగా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల పక్క నుంచి జారి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి చేరుతుంది. రింగులు అరిగిన పాత ఇంజిన్‌లో ఈ జారుడు ఇంకా ఎక్కువ. ఇంజిన్ బాగా వేడిగా ఉంటే ఆ ఆవిరి బ్రీదర్ గొట్టం దారిన వెళ్లిపోతుంది. చల్లగా ఉంటే ఇనుప గోడల మీద చెమ్మగా పట్టి ఆయిల్‌లో కలిసిపోతుంది. దానికి తోడు చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడు మండకుండా మిగిలిన పెట్రోల్ సిలిండర్ గోడల మీదున్న ఆయిల్ పొరను కడిగేసుకుంటూ కిందికి దిగుతుంది. మంటలో పుట్టిన వాయువులు ఆ నీటితో కలిసి ఆమ్లాలవుతాయి. ఆ ఆమ్లాలు బేరింగుల మెత్తటి లోహం మీద, క్యామ్‌షాఫ్ట్ మీద నెలల తరబడి తీరిగ్గా పని చేస్తాయి. అలాంటి బండి ఆయిల్ మూత తీసి చూస్తే లోపల లేత పసుపు రంగులో మీగడలాంటి పొర కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూసి హెడ్ గాస్కెట్ పోయిందని భయపడతారు. కొన్నిసార్లు అదీ నిజమే కావచ్చు. కానీ రేడియేటర్‌లో నీళ్లు తగ్గకుండా ఈ మీగడ ఒక్కటే కనిపిస్తే, బండి ఎప్పుడూ సరిగ్గా వేడెక్కడం లేదని అర్థం.

ఐదు నిమిషాల్లో రేడియేటర్ నీళ్లు వేడెక్కొచ్చు గానీ ఆయిల్ వేడెక్కదు. సంప్‌లోని ఆయిల్ చెమ్మను తరిమేసేంత వేడికి రావాలంటే బండి రోడ్డు మీద కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు నడవాలి. ఐడ్లింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఒక్కటే నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఇంకో నష్టం కూడా ఉంది. అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ లాంటి పాత డిజైన్లలో క్యామ్‌షాఫ్ట్ బేరింగులకు ఆయిల్ ప్రెషర్‌తో అందుతుంది. వాల్వులను తెరిపించే క్యామ్ ఉబ్బులకు, అవి తోసే టాపెట్లకు మాత్రం క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతూ చిమ్మే ఆయిల్, పై నుంచి కారి వచ్చే ఆయిలే దిక్కు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే చిమ్మేదీ తక్కువే. అదే సమయంలో వాల్వ్ స్ప్రింగ్ ఒత్తిడి మొత్తం క్యామ్, టాపెట్ తగిలే సన్నని గీత మీదే పడుతుంది. చల్లటి ఇంజిన్‌ను షెడ్డులో చాలాసేపు ఐడ్లింగ్‌లో ఉంచడమంటే, క్యామ్‌ను తక్కువ ఆయిల్‌తో ఎక్కువసేపు రాపిడి పెట్టడమే.

కాబట్టి స్టార్ట్ చేస్తే నడపాలి, నడపలేకపోతే స్టార్ట్ చేయకుండా వదిలేయడమే నయం. రెండు మూడు వారాలకోసారి నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకానో, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల దాకానో వెళ్లి వస్తే ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు అన్నీ ఒక్క దెబ్బకు వేడెక్కి, లోపలి చెమ్మ పోతుంది. స్టార్ట్ కాగానే పది సెకన్లు ఆయిల్ ప్రెషర్ లేచిందో లేదో చూసుకుని, మెల్లగా బయల్దేరడం మంచిది. రేస్ ఇవ్వడం అసలొద్దు.

చట్టం కూడా ఇందుకు అడ్డు కాదు. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్ పోయించుకోవడానికి, మెయింటెనెన్స్ కోసం రోడ్డెక్కించడానికి అనుమతి ఉంది. ఈ నిబంధనల్లో ‘అసలు రూపం’ అన్న మాట ఇంజిన్ సంరక్షణకు చాలా ముఖ్యం. నిర్లక్ష్యంతో అసలు ఇంజిన్ పాడై, దాని చోట వేరే డీజిల్ ఇంజిన్ దించితే బండి నడుస్తుంది గానీ దాని విలువలో పెద్ద భాగం పోయినట్టే.

తక్కువ తిరిగిన బండి కొత్తగా ఉంటుందన్న నమ్మకం కూడా బలంగా ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదే మహబూబ్‌నగర్‌కు ఆ పేరొచ్చింది. ఆయన ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. 1912 నాటి ఆ కారు మొత్తం మీద తిరిగింది దాదాపు 350 మైళ్లే. అయినా దాన్ని కూడా పునరుద్ధరించాకే జనం ముందుంచాల్సి వచ్చింది. రబ్బరు, గాస్కెట్లు, ఆయిల్, లోహం మీద పేరుకునే చెమ్మ, ఇవేవీ మైళ్ల లెక్క చూడవు. అందుకే పాత బండికి ఆయిల్ మార్పు నెలల లెక్కన జరగాలి. 3,000 నుంచి 5,000 కిలోమీటర్లు తిరిగితే సరే, ఎలాగూ మారుస్తారు. తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే. మార్చడానికి మంచి సమయం వానాకాలం అయ్యాక. తేమ నెలల్లో చెడిన ఆయిల్‌ను చలికాలమంతా ఇంజిన్‌లో ఉంచకుండా పోతుంది.

ఇక ఏ ఆయిల్ పోయాలన్నది. పాత బండి కదా అని ఖరీదైన ఆయిల్ పోస్తే మేలు చేసినట్టేనని కొందరు అనుకుంటారు. షాపువాళ్లు కూడా కొత్త కార్లకు వాడే 5డబ్ల్యూ-30 సింథటిక్ డబ్బానే ముందు చేతికిస్తారు. పాత ఇంజిన్‌కు అది సరిపోదు.

డబ్బా మీద డబ్ల్యూ ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పేది. మంచు కురిసే దేశాల్లో దాంతో చాలా పని. డిసెంబరు తెల్లవారుజామున కూడా పది డిగ్రీలకు అటూ ఇటూ ఉండే పాలమూరులో 5కూ 20కీ మధ్య తేడాతో పెద్దగా పని లేదు. మనకు కావాల్సింది రెండో అంకె. అది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది. ఆ వేడిలో 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 మధ్య. మామూలు 20డబ్ల్యూ-50 ఆయిలే 40 డిగ్రీల దగ్గర 160 సెంటీస్టోక్స్ దాకా ఉండి, 100 డిగ్రీలకు వచ్చేసరికి 18కి పడిపోతుంది. అంటే దాదాపు తొమ్మిదో వంతు. మే నెలలో బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ దాటి గంటసేపు నడిచిన బండిలో ఆయిల్ 100 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు.

క్రాంక్‌షాఫ్ట్ బేరింగుల మీద నేరుగా ఆనుకుని తిరగదు. తిరిగే వేగానికి ఆయిల్ ఒక పలుచటి పొరగా మధ్యలోకి లాక్కోబడి, లోహాన్ని లోహానికి తగలకుండా పైకెత్తి పడుతుంది. కొత్త ఇంజిన్‌లో ఈ సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి తిరిగిన ఇంజిన్‌లో అది పెరుగుతుంది. సందు పెరిగిన చోట పలుచటి ఆయిల్ నిలవదు, పక్కల నుంచి కారిపోతుంది. పాత ఇంజిన్లను గీసిన ఇంజనీర్లు కూడా అప్పటి చిక్కటి ఆయిళ్లను మనసులో పెట్టుకునే ఆ సందులు నిర్ణయించారు. ఇన్ని లెక్కలు చూశాక ఈ ప్రాంతంలో పాత పెట్రోల్ ఇంజిన్‌కు 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలే సరైనది. బుల్లెట్ బండ్లకు, పాత కార్లకు వాడేవాళ్లు ఉండటంతో అది ఇంకా దొరుకుతోంది. దొరకని చోట డీజిల్ ఇంజిన్లకు వాడే 15డబ్ల్యూ-40 ఆయిల్ కూడా పనికొస్తుంది. మిర్యాలగూడ, దేవరకొండ, వనపర్తి లాంటి చోట్ల ట్రాక్టర్ల విడిభాగాలమ్మే షాపుల్లో అది ఎప్పుడూ ఉంటుంది. సింథటిక్ పోస్తే ఇంజిన్ చెడిపోతుందని కాదు. ఏడాదికోసారి ఎలాగూ పారబోసేదానికి అంత ఖర్చు దండగ, పైగా పాత కార్క్ గాస్కెట్ల సందుల్లోంచి అది ఇట్టే బయటికి వస్తుంది.

డబ్బా వెనక చూడాల్సిన ఇంకో సంగతి జింక్. పాత ఇంజిన్లలో టాపెట్ అడుగు చదునుగా ఉండి, క్యామ్ దాని మీద జారుతూ తోస్తుంది. ఇప్పటి చాలా ఇంజిన్లలో ఆ చోట దొర్లే రోలర్లు ఉంటాయి. జారే చోట ఆయిల్ పొర ఒత్తిడికి చిట్లిపోతే కాపాడేది జెడ్‌డీడీపీ అనే జింక్, ఫాస్ఫరస్ కలిసిన రసాయనం. అది వేడికి లోహం మీద సన్నని రక్షణ పొర కడుతుంది. సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ చెడగొడుతుందని, కొత్త కార్ల ఆయిళ్లలో దాన్ని తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌ఎం తరగతి నుంచి పలుచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్ పది లక్షల పాళ్లకు 600 నుంచి 800 పాళ్ల మధ్యే ఉండాలి. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడులకు ఈ పైహద్దు వర్తించదు. 5డబ్ల్యూ-30 వద్దనడానికి చిక్కదనం ఒక కారణమైతే, ఇది రెండోది. సీఐ-4 అని రాసి ఉన్న డీజిల్ ఆయిళ్లలో కూడా జింక్ బాగానే ఉంటుంది. ఇవి వాడేవాళ్లకు విడిగా సీసాల్లో అమ్మే ‘ఇంజిన్ ట్రీట్‌మెంట్’ల అవసరం లేదు.

చిక్కటి ఆయిల్ పోస్తే అరిగిన ఇంజిన్ బాగవుతుందని మాత్రం అనుకోకూడదు. ఆయిల్ పంపు పుట్టించేది ప్రవాహాన్ని. దాని దారికి అడ్డు తగిలితేనే గేజ్ మీద ప్రెషర్ కనిపిస్తుంది. బేరింగులు అరిగి సందులు పెరిగితే అడ్డు తగ్గి ముల్లు కిందికి దిగుతుంది. ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు పైకి లేస్తుంది గానీ అరుగుదల తగ్గదు. ప్రెషర్ గేజ్ లేక ఎర్ర లైటు మాత్రమే ఉన్న బండ్లలో ఒక గేజ్ పెట్టించుకోవడం పాత ఇంజిన్ మీద చేసే ఖర్చుల్లో అన్నిటికన్నా తెలివైనది. ఆ లైటు వెలిగేది ప్రెషర్ దాదాపు పూర్తిగా పడిపోయాకే. అప్పటికి బేరింగుకు జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. బాగా వేడెక్కాక ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు పది పీఎస్‌ఐ చొప్పున ప్రెషర్ ఉంటే దిగులు లేదని మెకానిక్‌లు లెక్క వేస్తారు. ఆ అంకె ఎంతన్నదాని కన్నా నెలనెలా తగ్గుతూ పోతోందా అన్నది ముఖ్యం.

ఆయిల్ తర్వాత నీళ్లు. ఈ రెండిటినీ వేరు వేరుగా చూడటం వల్లే ఈ ప్రాంతంలో చాలా ఇంజిన్లు పట్టేశాయి. నల్లగొండ భూగర్భ జలాల గురించి తెలియనివాళ్లు లేరు. ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను వంచింది. ఇంజిన్‌ను దెబ్బతీసేది మాత్రం ఆ బోరు నీళ్లలోనే ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడికి అవి విడిపోయి, నీటి దారుల గోడల మీద తెల్లటి చవుడులా పేరుకుంటాయి. ఆ పొర వేడిని ఇనుము నుంచి నీటిలోకి పోనివ్వదు. ముఖ్యంగా ఇంజిన్ వెనక వైపు సిలిండర్ల చుట్టూ కింద పేరుకున్న మడ్డి, రేడియేటర్ ఎంత కొత్తదైనా వదలదు. గేజ్ మీద నీళ్ల వేడి మామూలుగానే కనిపిస్తుంటే, ఆ సిలిండర్ గోడ మీద ఆయిల్ పొర కాలిపోతూ ఉంటుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకూడదు. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో సగం దాకా కూలెంట్ కలిపి పోసి, రెండేళ్లకోసారి మార్చాలి. ఎండాకాలానికి కూలెంట్ ఎందుకని అడిగేవాళ్లకు జవాబు, అందులోని తుప్పు పట్టనివ్వని రసాయనాలు. ఇనుప బ్లాకు, ఇత్తడి రేడియేటర్ ఒకే నీటిలో ఉన్నప్పుడు తుప్పు మరింత వేగంగా సాగుతుంది.

ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్‌ను పీకేయడం ఇంకో పాత అలవాటు. బండి వేడెక్కుతోందంటే మొదట దాన్నే తీసి పక్కన పడేసే మిస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. కొన్నాళ్లు పని చేసినట్టే అనిపిస్తుంది. నిజానికి వేడికి కారణం చవుడు పట్టిన రేడియేటరో, సాగిన ఫ్యాన్ బెల్టో, తప్పిన ఇగ్నిషన్ టైమింగో అయి ఉంటుంది. థర్మోస్టాట్ లేని ఇంజిన్ చలికాలంలో ఎంత దూరం పోయినా సరైన వేడికి రాదు. అప్పుడు మొదట చెప్పిన నీటి కథ మొత్తం మళ్లీ మొదలవుతుంది. ఆయిల్‌లో చెమ్మ, మడ్డి, ఆమ్లం. వేసవిలో కాపాడుతుందనుకున్న పని మిగతా ఎనిమిది నెలలూ ఇంజిన్‌ను అరగదీస్తుంది.

దుబ్బ, అంటే దుమ్ము సంగతి చెప్పకుండా పాలమూరు బండి గురించి మాట్లాడలేం. ఇక్కడి చెల్క నేలలు గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడినవి. అందులో సన్నని ఇసుక రేణువులు ఇనుము కన్నా గట్టివి. ఎయిర్ ఫిల్టర్‌ను దాటి లోపలికి పోయిన దుబ్బ ఆయిల్‌తో కలిసిందంటే, రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య గరుకు పేస్టులా పని చేస్తుంది. బండి ‘బోరుకు రావడం’, అంటే అరిగిన సిలిండర్‌ను మళ్లీ తొలిపించాల్సి రావడం, చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. పాత అంబాసిడర్లకు, జీపులకు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్లు ఉండేవి. గిన్నెలో ఆయిల్, పైన తీగల జాలీ. లోపలికొచ్చే గాలి ఆయిల్ మీద దెబ్బ తిని మలుపు తిరిగేటప్పుడు దుబ్బ ఆయిల్‌లో పడిపోతుంది. ట్రాక్టర్లు బాగు చేసేవాళ్లకు ఇది కొట్టిన పిండి. గిన్నె కింద బురద కనిపించగానే కడిగి, గీత దాకా కొత్త ఇంజిన్ ఆయిల్ పోయాలి. గీత దాటి పోస్తే ఇంజిన్ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. దీన్ని తీసేసి, చూడ్డానికి బాగుంటుందని చిన్న జాలీ ఫిల్టరు బిగించినవాళ్లు ఇంజిన్ ఆయుష్షును అమ్ముకున్నట్టే. పాత విల్లిస్ జీపుల్లో ఇంకో చిక్కు ఉంది. వాటి ఆయిల్ ఫిల్టరు బైపాస్ తరహాది. పంపు నుంచి వచ్చే ఆయిల్‌లో కొంత భాగమే దాని గుండా పోతుంది, మిగతాది వడపోత లేకుండానే బేరింగులకు చేరుతుంది. ఊరి బాటల మీద తిరిగే జీపుకు ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చడం ఎక్కువేమీ కాదు.

పెట్రోల్ వైపు నుంచి ఆయిల్‌కు వచ్చే ముప్పు ఈమధ్య పెరిగింది. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఇ20 పెట్రోల్, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపినది, ఇప్పుడు దాదాపు ప్రతి బంకులోనూ అదే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బించి చీలుస్తుంది. క్యామ్‌షాఫ్ట్ నడిపే మెకానికల్ పెట్రోల్ పంపులో డయాఫ్రం అనే పలుచటి రబ్బరు పొర చిరిగితే పెట్రోల్ తిన్నగా సంప్‌లోకి కారుతుంది. ఆయిల్ పలుచబడి, బేరింగుల దగ్గర నిలవదు. డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి కనిపించినా, వాసనలో పెట్రోల్ తెలిసినా బండిని కదపకూడదు. డయాఫ్రం, పెట్రోల్ గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించాక ఆయిల్ మార్చాలి. నెలల తరబడి నిలిపే బండి ట్యాంకులో పాత పెట్రోల్ ఉంచకపోవడం మంచిది.

పెట్రోల్‌లో సీసం కలపడం దేశమంతటా 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. ఆ సీసం పాత ఇనుప హెడ్లలో వాల్వ్ సీట్లకు రక్షణగా ఉండేది. అది లేకపోవడంతో ఎక్కువ వేగంలో నడిపినప్పుడు సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగుతుంది, టాపెట్ సందు మూసుకుపోతుంది. బీఎంసీ ఇంజిన్‌లో ఆ సందు అంగుళంలో వెయ్యికి 15 వంతులు, అంటే 0.38 మిల్లీమీటర్లు. టాపెట్ల చప్పుడు పూర్తిగా పోయిందంటే సంతోషించకుండా, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. హెడ్ ఎలాగూ దింపినప్పుడు గట్టి సీట్లు వేయిస్తే ఆ బాధ తీరిపోతుంది.

ఇంజిన్ చుట్టూ ఆయిల్ చుక్క కోరే చిన్న చోట్లు ఇంకొన్ని ఉన్నాయి, ఎవరూ పట్టించుకోనివి. డిస్ట్రిబ్యూటర్‌లో రోటర్ తీస్తే కింద రెండు చుక్కలు, పాయింట్లను తోసే క్యామ్ మీద చిటికెడు గ్రీజు. అంతకు మించితే పాయింట్ల మీద పడి మిస్సింగ్ వస్తుంది. డైనమో వెనక బుష్‌కు చిన్న రంధ్రం ఉంటుంది, అందులో రెండు చుక్కలు. ఎస్‌యూ రకం కార్బురేటర్ ఉంటే దాని పైన డ్యాష్‌పాట్ అనే చిన్న గొట్టంలో పలుచటి ఆయిల్. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ గుక్క పడుతుంది, జనం జెట్లు మార్చిస్తూ తిరుగుతారు. ఇది ఇంజిన్ సంగతి కాదు గానీ చెప్పక తప్పదు: స్టాండర్డ్ హెరాల్డ్ కారు ముందు చక్రాల దగ్గర కింద ఉండే ట్రనియన్‌లలో, అంటే చక్రం పక్కకు తిరిగే మర కీళ్లలో, గ్రీజు కొట్టకూడదు, గేర్ ఆయిలే పోయాలి. గ్రీజు ఆ మర చుట్ల లోపలికి చేరదు. లోపల తుప్పు పట్టి, బండి నడుస్తుండగానే ట్రనియన్ దగ్గర విరిగి చక్రం ఒరిగిపోతుంది.

ఆయిల్ కారుతోందని ఇంజిన్ దింపించే ముందు బ్రీదర్ గొట్టం చూడాలి. అది మడ్డితో మూసుకుపోతే సంప్‌లో గాలి ఒత్తిడి పెరిగి, దొరికిన ప్రతి సందులోంచీ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. టాపెట్ కవరు కార్క్ గాస్కెట్‌ను మరీ బిగిస్తే చిట్లి ఇంకా ఎక్కువ కారుతుంది. అంబాసిడర్ క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర రబ్బరు సీలు ఉండదు. ఆయిల్‌ను వెనక్కి తిప్పి పంపే మర చుట్లు మాత్రమే ఉంటాయి. కాబట్టి నిలిపిన చోట నాలుగు చుక్కలు పడటం ఆ ఇంజిన్‌కు సహజం. పొగ విషయం వేరు. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి ఆగిపోతే అరిగింది వాల్వ్ గైడ్లు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, లాగుతున్నప్పుడు అదే పనిగా వస్తే రింగులు.

ఏళ్ల తరబడి కదలని బండిని కొన్నవాళ్లు చేసే మొదటి తప్పు కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడం. రింగులు సిలిండర్‌కు తుప్పుతో అంటుకుని ఉంటే ఆ ఒక్క దెబ్బకు విరుగుతాయి. ముందు ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో ఒకటి రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ వేసి ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. తర్వాత ప్లగ్గులు లేకుండానే, హ్యాండిల్‌తో చేత్తో తిప్పాలి. తిరగకపోతే బలం పెట్టకుండా ఇంకో రెండు రోజులు ఆగాలి. సంప్ దింపి, అడుగున పేరుకున్న మడ్డిని, పంపు జాలీని కడగడం తప్పనిసరి. కిరోసిన్ పోసి ఇంజిన్ తిప్పి ‘ఫ్లష్’ చేయడం మాత్రం వద్దు. అది బేరింగుల ఆయిల్ పొరను కడిగేస్తుంది, ఊడిన మడ్డి పెళ్లలు జాలీని మూసేస్తాయి. కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్ వేశాక టాపెట్ కవరు తీసి రాకర్ల మీద కూడా ఆయిల్ పోయాలి. ప్లగ్గులు బయటే ఉంచి, కాయిల్ వైరు తీసేసి, గేజ్ మీద ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్‌తో కొద్దికొద్దిగా తిప్పాలి. ప్రెషర్ కనిపించాకే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి.

అప్పుడు పోసిన ఆయిల్ పాత మడ్డిని కరిగించుకుంటూ త్వరగా నల్లబడుతుంది. అందులోని డిటర్జెంట్ల పని అదే. ఐదు వందల కిలోమీటర్లకే దాన్ని మార్చి, తీసిన ఫిల్టరును కోసి చూడాలి. మడతల్లో నల్లటి మడ్డి ఉంటే ఫర్వాలేదు, ఇంకోసారి ముందుగానే మారిస్తే సరిపోతుంది. రాగి రంగులోనో వెండి రంగులోనో మెరిసే పొడి ఉంటే బేరింగులు విప్పి చూడాల్సిందే. దింపిన నల్ల ఆయిల్‌ను చెదలు పట్టకుండా తలుపులకు, గుంజలకు పూయడం మన ఊళ్లలో ఉన్న అలవాటే గానీ, అందులో లోహపు పొడితో పాటు క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. క్యాన్‌లో మూసి, పాత ఆయిల్ కొని శుద్ధికి పంపేవాళ్లకు ఇచ్చేయాలి.